వార్త రాసే చెయ్యి, ప్రకటన అడిగే చెయ్యి

జిల్లా పేజీలో కింద ఓ మూలన, నాలుగు సెంటీమీటర్లకు మించని వార్త: "కడుపునొప్పి తాళలేక పురుగుమందు తాగి రైతు మృతి." ఊరి పేరు, వయసు, భార్యాపిల్లల వివరం, ఆఖర్న ఎస్సై కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారన్న వాక్యం. కొన్నేళ్లుగా తెలుగు పత్రికలు చదువుతున్నవాళ్లకు ఇది కంఠతా వచ్చిన వార్తే. రాసినవాడు అబద్ధం రాయలేదు. స్టేషన్ రికార్డులో అలాగే ఉంది. పురుగుమందు తాగిన మనిషికి కడుపునొప్పి రాక మానదు కూడా. తాగకముందు ఆ మనిషి నొప్పి ఎక్కడుందన్నది మాత్రం ఆ నాలుగు సెంటీమీటర్లలో పట్టలేదు.

1997-98 పత్తి సీజన్‌లో వరంగల్ జిల్లాలో పంటను పురుగు తినేసింది. పురుగు చావని మందును రైతులు తాగారు. ఆ తర్వాతి ఏళ్లలో అనంతపురం వేరుశనగ రైతుల వంతు వచ్చింది. ఈ చావులు వార్తల్లో రాలేదనడానికి వీల్లేదు. ఏ రోజు చావు ఆ రోజు లోకల్ పేజీలో వచ్చింది. వాటన్నిటినీ ఒకచోట పేర్చి, ఒకే నేల, ఒకే పంట, ఒకే రకం అప్పు అని చూపించేసరికే చాలా ఆలస్యమైంది. అనంతపురంలో రికార్డులు తిరగేసి, కడుపునొప్పి ఖాతాలో పడిన చావుల అసలు కథ దేశానికి చెప్పినవాళ్లలో ముఖ్యుడు పాలగుమ్మి సాయినాథ్. తెలుగు కుటుంబంలోనే పుట్టినా ఆయన రాసింది ఇంగ్లిషు పత్రికకు. మండలానికి నలుగురైదుగురు తెలుగు విలేకరులున్న జిల్లాలో ఆ లెక్క తీయడానికి బయటి నుంచి మనిషి రావలసి వచ్చిందంటే, విలేకరులకు చూపు లేదని అనుకోవడం తేలిక. వాళ్ల పని ఎలా సాగుతుందో చూస్తే అంత తేలిగ్గా అనలేం.

పాత్రికేయుల బాధ్యతల గురించి సభలు జరిగితే వేదిక మీద సంపాదకులు ఉంటారు, మంత్రులు ఉంటారు, ఒకరిద్దరు రిటైరైన న్యాయమూర్తులు ఉంటారు. వార్తను మొదట ముట్టుకునే మనిషి ఆ వేదిక మీద ఉండడు. కింద మూడో వరుసలో కూర్చుని, ఆ సభనే ఐటెమ్‌గా రాసుకుంటూ ఉంటాడు. అతన్ని కంట్రిబ్యూటర్ అంటారు. టీవీలో అయితే స్ట్రింగర్. ఊళ్లోవాళ్లకు విలేకరిగారు. తెలుగు జర్నలిజం ధర్మాధర్మాలు ఎక్కువ భాగం తేలేది ఆయన మోటార్ సైకిల్ మీదే.

తెలుగు పత్రిక ఎప్పుడూ ఇలా లేదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టినప్పుడు రచయిత, సంపాదకుడు, విలేకరి అన్నీ ఆయనే. కోర్టుల్లో లంచాల గురించి రాయాలన్నా, ఆ రాతకు జవాబు చెప్పుకోవాలన్నా ఆయనే. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945 దాకా సంపాదకుడు. ఆ కాలపు పాఠకుడు పత్రిక విప్పేది నిన్న ఏం జరిగిందో తెలుసుకోవడానికి కాదు, జరిగినదాని గురించి ముట్నూరివారు ఏమన్నారో చూడ్డానికి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ స్వరాజ్య పత్రిక రాతలకు మూడేళ్లు జైల్లో ఉన్నారు. నిజాం రాజ్యంలో తెలుగుకు చోటు లేని రోజుల్లో, 1926లో, సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలెట్టారు. ఆ తరానికి బాధ్యత అంటే ఏమిటన్న సందేహం రాలేదు. ఎదురుగా ప్రభుత్వం ఉంది, ఇటు పత్రిక ఉంది. రాయాలా వద్దా అన్నదొక్కటే ప్రశ్న.

ఆ ప్రశ్నకు అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించినవాడు ఉర్దూ సంపాదకుడు షోయబుల్లాఖాన్. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలని ఇమ్రోజ్ పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో ఒక రాత్రి, పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తుంటే రజాకార్లు మాటువేసి చంపారు. రాసిన చెయ్యి నరికారు. సెప్టెంబరు మధ్యకల్లా భారత సైన్యం హైదరాబాద్‌లో ఉంది. నెల రోజులు కూడా తేడా లేదు.

సంపాదకుడి నీడలోంచి విలేకరి బయటికి రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యేనాటికి అక్కడికి పెద్ద పత్రికలు విజయవాడ నుంచి రావాలి. పొద్దెక్కాక చేతికందేవి. తెల్లవారేసరికి గుమ్మంలో పత్రిక వెయ్యడమనే చిన్న సంగతితో రామోజీరావు మార్కెట్ పట్టారు. అసలు మార్పు 1989లో వచ్చింది. ప్రధాన పత్రికతో పాటు జిల్లాకో చిన్న పత్రిక. పాఠకులు దాన్ని టాబ్లాయిడ్ అన్నారు, మినీ అన్నారు, జిల్లా ఎడిషన్ అన్నారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1985లో, ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. మండలానికో ఎమ్మార్వో, ఎండీవో, ఎస్సై వచ్చారు. వెనకాలే మండలానికో విలేకరి వచ్చాడు. మిగిలిన పత్రికలన్నీ అదే బాట పట్టక తప్పలేదు.

పేజీలు నింపాలి. హైదరాబాద్ వార్తలతో అవి నిండవు. దాంతో అంతవరకు పత్రికలో పేరు పడడమంటే తెలియని ఊళ్లు వార్తల్లోకి ఎక్కాయి. బోరు పాడైంది, బడికి పంతులు రావడం లేదు, ఆస్పత్రిలో పాముకాటు మందు లేదు. ఇలాంటివి పత్రికలో వేయదగ్గ వార్తలా అని పాత తరం సంపాదకులు ముక్కు విరిచారు. బోరు దగ్గర బిందెతో నిలబడ్డ మనిషికి మాత్రం అంతకంటే పెద్ద వార్త లేదు. తెల్లారి పేజీ చూసి ఎండీవో మెకానిక్‌ని పంపించిన రోజులు చాలా ఉన్నాయి.

ఆ లోకల్ పేజీల బలం పూర్తిగా కనిపించింది నెల్లూరు జిల్లా దూబగుంటలో. అక్షరాస్యత ఉద్యమం కోసం తయారుచేసిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుబోతు మొగుళ్ల వల్ల ఆడవాళ్లు పడే పాట్లు, ఊళ్లో సారా కొట్టు మూయించడం ఆ పాఠంలోని విషయం. రాత్రి బడిలో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు పగలు వెళ్లి సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు అలా బయటికి వచ్చింది. 1992లో అది ఊరి నుంచి ఊరికి పాకింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. ఈనాడు సారాపోరు కోసం రోజూ ఓ పేజీ కేటాయించింది. నిన్న ఫలానా ఊళ్లో కొట్టు మూయించారని చదివిన పక్క ఊరివాళ్లు ఇవాళ తమ ఊళ్లో మూయించేవారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత వేరే కథ.

దూబగుంట కథను చెప్పుకునేటప్పుడు సాధారణంగా పత్రిక యజమానికి ఒక దండ, ఉద్యమానికి ఒక దండ వేస్తారు. ఆ పత్రికకు రాజకీయ ఇష్టాయిష్టాలు ఉన్నాయన్నవాళ్లూ ఉన్నారు. ఉంటే ఉండవచ్చు. కానీ రోజుకో పేజీ నింపడానికి ఊళ్ల వెంట తిరిగి, సారా కాంట్రాక్టరు మనుషుల కళ్ల ముందే ఆడవాళ్ల మాటలు రాసుకుని, ఆ కాయితాల్ని డెస్కుకు చేర్చిన కంట్రిబ్యూటర్లకు దండ సంగతి అలా ఉంచండి, పేరు కూడా పడలేదు. ఆ రోజుల్లో మండల విలేకరికి బైలైన్ ఎక్కడిది!

ఆయన పని ఎలా సాగేదో కాస్త దగ్గరగా చూడాలి. పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లి రాత్రి జరిగిన కేసులు అడగడం, అక్కణ్నుంచి మండలాఫీసు, ఆస్పత్రి, సంత ఉంటే సంత. మధ్యాహ్నం తెల్లకాగితం మీద ఒకవైపే, వరస మధ్య ఖాళీ వదిలి వార్తలు రాసి, కవరులో పెట్టి, పైన పత్రిక పేరు పెద్దక్షరాలతో రాసి బస్టాండుకు పరుగు. ఆర్టీసీ డ్రైవరు కవరు తీసుకుని ముందు అద్దం దగ్గర పెట్టుకునేవాడు. అటువైపు పత్రిక మనిషి వచ్చి కవర్లన్నీ ఏరుకునేవాడు. బస్సు తప్పితే వార్త తప్పినట్టే. తర్వాత ఫ్యాక్సు వచ్చింది, ఇంటర్నెట్ సెంటర్ వచ్చింది, ఇప్పుడు అరచేతిలో ఫోన్ వచ్చింది.

నెలాఖరున లైన్ అకౌంట్. అచ్చయిన వార్తల్ని కత్తిరించి కాగితానికి అంటించి, ఎన్ని సెంటీమీటర్లు వచ్చాయో కొలిచి పంపితే దాన్నిబట్టి డబ్బులు. ఊరంతా తిరిగి, పదిమందిని అడిగి, నిజం తేల్చి రాసిన ఆరు సెంటీమీటర్ల వార్తకూ, ఎమ్మెల్యే ప్రారంభోత్సవంలో వచ్చినవాళ్ల పేర్లన్నీ పేర్చిన ఆరు సెంటీమీటర్ల వార్తకూ కొలబద్ద ఒకటే. మొదటిదానికి రెండ్రోజులు, బండికి పెట్రోలు, ఒక శత్రువు. రెండోదానికి అరగంట, ఒక భోజనం. ఇలాంటి కొలబద్ద పెట్టినవాళ్లు పరిశోధనాత్మక జర్నలిజం తగ్గిపోయిందని వాపోవడం వినడానికి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

ఆ వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. కంట్రిబ్యూటర్లలో ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఎల్‌ఐసీ పాలసీలు చేయించేవాళ్లు, ఫోటో స్టూడియోవాళ్లు, చిన్న వ్యవసాయదారులు ఎక్కువ. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, ఆ తర్వాతి వేతన సంఘాలు ప్రధానంగా సంస్థలో ఉద్యోగులైనవాళ్లకు వర్తించాయి. జర్నలిజమే ప్రధాన వృత్తి కావాలన్నది ఆ చట్టం పెట్టిన షరతు. మండల విలేకరికి చాలాచోట్ల నియామక పత్రమే లేదు, వృత్తి అని నిరూపించుకోవడం ఎక్కడ? ఆయన చేతిలో ఉండేది ఒక గుర్తింపు కార్డు. దొరికితే ప్రభుత్వ అక్రిడిటేషన్. దొరికించుకోవడం కూడా ఓ ఉద్యోగమే.

ఇంతవరకైతే అది పేదరికం కథ. దాన్ని ధర్మసంకటం చేసింది యాడ్స్ టార్గెట్. పంద్రాగస్టు, రిపబ్లిక్ డే, సంక్రాంతి, పత్రిక వార్షికోత్సవం, నాయకుడి పుట్టినరోజు. ప్రతిదానికీ జిల్లాకో సప్లిమెంటు, మండలానికో లక్ష్యం. ప్రకటనలు తెచ్చేది ఎవరు? వార్తలు రాసేవాడే. అందులో కమిషన్ ఉంటుంది, అదే అసలు ఆదాయం. సోమవారం నాడు చెరువు మట్టి అక్రమంగా తరలుతోందని రాయాల్సిన కంట్రిబ్యూటరే శుక్రవారం ఆ మట్టి తోలే కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లి, "అన్నా, ఈసారి క్వార్టర్ పేజీ అన్నా ఇవ్వాలె" అని అడగాలి. అన్న ఇస్తాడు. పోయినేడు కంటే ఎక్కువే ఇస్తాడు. ఇచ్చి, సోమవారం సంగతి ఒక్క మాట కూడా ఎత్తడు. ఎత్తాల్సిన అవసరం ఇద్దరికీ ఉండదు.

ఇక్కడ లంచం ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం కష్టం. చట్టప్రకారం అది ప్రకటన. రసీదు ఉంటుంది, పన్ను కట్టి ఉంటుంది. ఆ వార్త మాత్రం పుట్టదు. పత్రికా స్వేచ్ఛ మీద జరిగిన దాడుల జాబితాలోకి పుట్టని వార్తలు ఎక్కవు.

2009 ఎన్నికల్లో ఇదే ఏర్పాటు బాహాటంగా బజారుకెక్కింది. ఒక అభ్యర్థి గెలుపు ఖాయమంటూ ఒక పత్రికలో, అతని ప్రత్యర్థి గెలుపు ఖాయమంటూ అదే పత్రికలో, వార్తల్లాగే అచ్చులో, వార్తల్లాగే శీర్షికతో. వాడుకలో దాన్ని ప్యాకేజీ అన్నారు. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా సర్వే చేసి ఈ బాగోతాన్ని బయటపెట్టింది. తమ యజమానుల మీద తామే సర్వే చేయడానికి ఓ తెగువ కావాలి. ప్రెస్ కౌన్సిల్ పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి ఇద్దరితో ఉపసంఘం వేసింది. శ్రీనివాసరెడ్డి తెలుగు పాత్రికేయుల ఉద్యమం నుంచి వచ్చినవారు. వాళ్లు 71 పేజీల నివేదిక ఇచ్చారు, పత్రికల పేర్లతో సహా. 2010 జూలైలో కౌన్సిల్ దాన్ని కుదించి, పేర్లు తీసేసి, సంక్షిప్త నివేదిక విడుదల చేసింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది. సమాచార హక్కు కోసం పోరాడిన పత్రికారంగం తన గురించిన సమాచారం దగ్గరికి వచ్చేసరికి అచ్చం సర్కారు ఆఫీసులాగే ప్రవర్తించింది.

టీవీ వచ్చాక వేగం మారింది. 2004లో టీవీ9తో తెలుగులో ఇరవై నాలుగ్గంటల వార్తలు ఊపందుకున్నాయి. కొన్నేళ్లలో పదికి పైగా చానళ్లు వచ్చాయి. వార్త ఉన్నా లేకపోయినా తెర ఖాళీగా ఉండకూడదు. 2010 జనవరి 7 రాత్రి ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ ప్రమాదం వెనక కుట్ర ఉందని ఓ విదేశీ వెబ్‌సైట్‌లో నెలల కిందట వచ్చిన, ఆధారం లేని రాతను ఒక తెలుగు చానల్ ఎత్తుకుంది. మిగతా చానళ్లు తామెక్కడ వెనకబడతామోనని అందుకున్నాయి. ఆ రాతలో పేరున్న రిలయన్స్ సంస్థ దుకాణాల మీద రాత్రికి రాత్రే రాష్ట్రంలో అనేకచోట్ల దాడులు జరిగాయి. ఆ దాడులు మళ్లీ బ్రేకింగ్ న్యూస్. మొదట చెప్పింది నిజమా కాదా అన్న ప్రశ్న అప్పటికే పాతబడిపోయింది. చానల్ బాధ్యుల్ని పోలీసులు అరెస్టు చేశారు. ఆ రాత్రి చెయ్యాల్సింది చాలా చిన్న పని: ఆ వెబ్‌సైట్ ఎలాంటిదో, రాసినవాడు ఏం ఆధారం చూపాడో పది నిమిషాలు చూడ్డం. పది నిమిషాలంటే టీవీలో యుగం.

ఇంకో సంగతి 2019 నాటిది. నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై జరిగిన ఘాతుకం. లైంగిక దాడి బాధితురాలి పేరు, ఫోటో బయటపెట్టకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ సంగతి తెలియని ఎడిటర్ ఉండడు. అయినా రెండ్రోజుల పాటు తెరలన్నీ ఆ అమ్మాయి ఫోటోతో నిండిపోయాయి. పోలీసులు దిశ అన్న పేరు పెట్టాక గానీ ఆగలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున నిందితులు నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చానళ్లు పూలవర్షాన్ని చూపించాయి, మిఠాయిలు చూపించాయి. సంకెళ్లలో ఉండాల్సినవాళ్లు తుపాకులు ఎలా లాక్కున్నారు, చీకట్లో అక్కడికి ఎందుకు తీసుకెళ్లారు అని ఆ పూట అడిగిన విలేకరి గొంతు జయజయధ్వానాల్లో వినిపించలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని తేల్చింది. నివేదికపై చర్యల వ్యవహారం హైకోర్టుకు చేరింది. పూలు చల్లిన దృశ్యాలు చూపినంతసేపు ఆ నివేదికను చూపించిన చానల్ ఏదో వెతుక్కోవాల్సిందే.

ప్రజలు అలా కోరుకున్నారు, చూపించాం అని చానళ్లవాళ్లు అంటారు. కోరుకున్నమాట నిజమే. కానీ పోలీసుల కథనం ప్రకారం అని రాయడం తెలుగు పాత్రికేయానికి ఎప్పటినుంచో అలవాటైపోయింది. నక్సలైట్ల ఎన్‌కౌంటర్ల కాలంలో ఒకే కాపీ ఊరి పేరు మారి వచ్చేది. ఆత్మహత్యల వార్త అయినా అంతే. ఇవాళ ఆ అలవాటుకు వాట్సాప్ తోడైంది. స్టేషన్ గ్రూపులో ప్రెస్‌నోట్ పడుతుంది, ఎమ్మెల్యే గ్రూపులో ఫోటోలు పడతాయి, కలెక్టరాఫీసు గ్రూపులో సమీక్ష వివరాలు పడతాయి. అక్కణ్నుంచి కాపీ తీసి డెస్కు గ్రూపులో వెయ్యడం. మర్నాడు నాలుగు పత్రికలు పక్కపక్కన పెడితే నాలుగింటిలోనూ ఒకే అక్షరదోషం కనబడుతుంది. విలేకరి సంఘటన స్థలానికి వెళ్లలేదని పట్టుకోవడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వెళ్లాలన్నా పెట్రోలు ఎవరిస్తారన్నది మళ్లీ పాత ప్రశ్నే. పైగా ఇప్పుడు పోటీ నాలుగు పత్రికలతో అయిపోలేదు. మండలానికి పదిమంది యూట్యూబర్లు. వాళ్లలో కొందరు జేబులో ఫోన్, చేతిలో లోగో ఉన్న మైకు పట్టుకుని చానల్ అంటారు. లోగో ఇవ్వడానికి కుర్రాళ్ల దగ్గర ఎదురు డబ్బు తీసుకునే సంస్థలూ ఉన్నాయి. డబ్బు పెట్టి మైకు కొన్నవాడు ఆ డబ్బు ఎక్కడో రాబట్టుకోవాలి కదా. ఇసుక లారీ, ఆర్‌ఎంపీ డాక్టరు, రేషన్ డీలరు, ప్రైవేటు బడి. ఈ వసూళ్ల వల్ల ఊళ్లో ప్రెస్ అన్న మాటకు ఉన్న మర్యాద పోయిందని పాత కంట్రిబ్యూటర్లు బాధపడతారు. ఆ బాధలో నిజముంది, కొంచెం మతిమరుపూ ఉంది.

అదే ఫోన్‌తో ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్లూ ఉన్నారు. తెలంగాణ సరిహద్దును ఆనుకునే ఉన్న ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో ముకేశ్ చంద్రాకర్ బస్తర్ జంక్షన్ పేరుతో యూట్యూబ్ చానల్ నడిపాడు. టీవీ సంస్థలకు స్ట్రింగర్‌గానూ పనిచేశాడు. 2021లో మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవానును విడిపించి తీసుకొచ్చిన బృందంతో అడవిలోకి వెళ్లాడు. ఓ రోడ్డు నిర్మాణంలో అక్రమాల మీద కథనం వచ్చిన కొద్దిరోజులకు, 2025 జనవరి 1న, కనిపించకుండా పోయాడు. జనవరి 3న ఓ సెప్టిక్ ట్యాంకులో, పైన కొత్తగా పోసిన కాంక్రీటు కింద శవం దొరికింది. ప్రధాన నిందితుడైన రోడ్డు కాంట్రాక్టరును పోలీసులు పట్టుకున్నది హైదరాబాద్‌లో. మన దగ్గర 2014 నవంబరులో చిలకలూరిపేటలో, 2019 అక్టోబరులో తుని దగ్గర విలేకరుల హత్యలు జరిగాయి. ఇలా చనిపోయేవాళ్లు ఢిల్లీ స్టూడియోల్లో కూర్చునేవాళ్లు కారు. తాము ఎవరి గురించి రాశారో ఆ మనిషి ఇంటి ముందు నుంచే రోజూ కూరగాయలకు వెళ్లాల్సినవాళ్లు. హైదరాబాద్ నుంచి వచ్చిన విలేకరి రాసేసి సాయంత్రం బస్సెక్కుతాడు. మండల విలేకరి ఎక్కడికి పోతాడు?

2023లో ఒక తెలుగు చానల్ కృత్రిమ మేధతో తయారైన మాయ అనే యాంకరును తెర మీదికి తెచ్చింది. చదవడం యంత్రం చేస్తుంది సరే. రాయడం కూడా చేస్తుందంటున్నారు. మట్టి తోలే రాత్రి చెరువు గట్టు మీద నిలబడడానికి ఇంకా మనిషే కావాలి.

ఆ మనిషికి ఏం చేయాలన్నది బ్రహ్మరహస్యమేమీ కాదు. వార్త రాసేవాడి చేత ప్రకటనలు అడిగించకూడదు. సెంటీమీటర్లకు కాకుండా పనికి నెలజీతం ఇవ్వాలి. ఆరోపణ రాస్తే అవతలివాళ్ల వివరణ తీసుకున్నారా అని డెస్కు అడగాలి, తప్పు వస్తే తప్పు వచ్చినంత చోటులోనే సవరణ వెయ్యాలి. ఆత్మహత్యల మీద ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చనిపోయిన తీరు వర్ణించొద్దన్నాయి, సంచలన శీర్షిక వద్దన్నాయి. మంచి మాటే. కారణాల గురించి నోరు మూసుకోమని మాత్రం అవి చెప్పలేదు. బ్యాంకు కాగితం, కౌలు ఒప్పందం, ఎరువుల కొట్టు బాకీ చూసి రాసిన వార్త ఆ మార్గదర్శకాలకు ఎక్కడా అడ్డు రాదు. రాయడానికి మూడు రోజులు పడుతుంది, అంతే.

ఖర్చు భరించే యజమాని కోసం ఎదురుచూడకుండా తామే మొదలెట్టినవాళ్లూ ఉన్నారు. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు 2001లో నవోదయం అనే పత్రిక పెట్టుకుని, తామే ఊళ్లు తిరిగి రాసుకున్నారు. మండల విలేకరుల్లో ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాల్సిన రాష్ట్రంలో అది చిన్న విషయం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలది ఇంకా పెద్ద కథ. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మాట నమ్మి మాచనూరులో స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు రాలేదు. దాదాపు పదేళ్లు క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డరు పెట్టి వినిపించుకున్నారు. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు 2006లో తెరుచుకుంది. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. దళిత మహిళలు నడిపే తొలి గ్రామీణ కమ్యూనిటీ రేడియోగా దేశమంతా దాని గురించి చెప్పుకుంది. మైకు ముందు కూర్చున్నది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. విత్తనాల సంగతి, పశువుల రోగాల సంగతి, పండుగ పాటలు, చుట్టుపక్కల ఊళ్ల మనుషుల అనుభవాలు, అన్నీ ఆ ఊళ్ల మాటలోనే.

అయితే కమ్యూనిటీ రేడియోకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. ఆకాశవాణి వార్తల్ని యథాతథంగా ప్రసారం చేసుకోవచ్చు. వాతావరణం, స్థానిక ప్రకటనలు, విపత్తు హెచ్చరికలు చెప్పవచ్చు. చెరువు గట్టు తెగింది, దిగువ ఊళ్లవాళ్లు జాగ్రత్తగా ఉండండి అని ఆ స్టేషన్ నుంచి చెప్పడానికి అడ్డు లేదు. పోయినేడు ఆ గట్టుకు మరమ్మతు చేసిన కాంట్రాక్టరు ఎవరో, ఎంత బిల్లు ఎత్తాడో చెబితే మాత్రం అది వార్త కిందికి వస్తుంది.